ఇరవై మందికోసారి సదయ్య

గనిలోకి దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇచ్చి, పైకి వచ్చాక తిరిగి తీసుకునే ల్యాంపురూంలో సదయ్య ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. రిటైరయ్యాక, 2007లో, గోదావరిఖనిలో ఒక గ్యాస్ ఏజెన్సీకి వాచ్‌మన్‌గా చేరాడు. నెల తిరక్కుండానే ఆయన ఉద్యోగం మారిపోయింది.

ఏజెన్సీకి కొత్తగా కంప్యూటర్ వచ్చింది. మంచిర్యాల అతనొకడు బుకింగ్ ప్రోగ్రాం రాసిచ్చాడు. ఇరవై పేర్లు ఎక్కించగానే అది బిగుసుకుపోయేది. ఫోన్ చేస్తే, "బందుచేసి మళ్ల చాలు చెయ్యున్రి" అన్నాడతను. ఓనరు లింగమూర్తి ఆ పని సదయ్యకు అప్పగించాడు.

సదయ్య కిటికీ పక్కన కుర్చీ వేసుకుని మనుషుల్ని లెక్కపెట్టేవాడు. ఇరవయ్యో మనిషి పని కాగానే విజిల్ ఊది, లోపలికెళ్లి కంప్యూటర్ ఆపి, పది నిమిషాలకు మళ్లీ లేపేవాడు. ఇరవై ఒకటోవాడిగా నిలబడడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. "నువ్వు ముందు పో అక్కా", "నువ్వే పో బావా" అనుకుంటూ లైను వెనక్కి నడిచేది. ఆయన బెల్లంపల్లిలో పెళ్లికి వెళ్లిన రోజు బోర్డు మీద రాశారు: "సదయ్య లేడు. బుకింగ్ లేదు."

నాలుగేళ్ల తర్వాత సంధ్యారాణి అనే అమ్మాయి ఆపరేటర్‌గా చేరి, ఆ ప్రోగ్రాం విప్పి చూసింది.

"పేర్లు దాచే డేటాబేస్‌లకు పోనీకి ఒక్కో పేరుకు ఒక కనెక్షన్ తీసుకుంటున్నది కాకా. వాపసు ఇస్తలేదు. ఉన్నయే ఇరవై."

"గంతేనా? మా లైట్ల లెక్కనే ఉన్నది గద!"

"పని అయినంక వాపసిచ్చేటట్టు ఒక లైను రాస్తున్న."

"పని కాకపోతే?" అన్నాడు సదయ్య. "మనిషి లోపల సోయి తప్పిండనుకో. లేకుంటే కొట్లాడి నడుమల్నే పైకొచ్చిండనుకో. అప్పుడు గూడ లైటు వాపసు రావాలె బిడ్డా."

సంధ్యారాణి చెయ్యి ఆగింది. కస్టమర్ నంబరు తప్పు కొడితే ప్రోగ్రాం మధ్యలోనే బయటికొచ్చేస్తుంది, ఆమె రాసిన లైను దాకా రాదు. పని అయినా చెడినా తప్పకుండా నడిచే చోటికి ఆ లైనును మార్చింది.

మర్నాడు ఇరవయ్యో మనిషి కాగానే సదయ్య అలవాటుకొద్దీ విజిల్ ఊదాడు. ఇరవై ఒకటోవాడు చీటీ తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఇంకొకడు.

"ఏంది కాకా, ఆగుతలేదు? మిషన్ ఖరాబైందా?" అని ఒకామె కంగారుపడింది.

సదయ్య మళ్లీ గేటు దగ్గరికి వెళ్లాడు. లెక్కపెట్టడానికేమీ లేక వచ్చే పోయే సైకిళ్లను లెక్కపెట్టాడు.

నస్పూర్ ఏజెన్సీలోనూ అదే ప్రోగ్రాం ఉంది. సంధ్యారాణి సరిచేసిన సీడీ ఇచ్చి సదయ్యను పంపింది. అక్కడా కిటికీ పక్కన కుర్చీలో ఒక మనిషి, చేతిలో గంట. పేరు బిక్షం. సదయ్య సంగతంతా చెప్పాడు.

"ఒక్క నెల ఆగరాదే అన్నా," అన్నాడు బిక్షం. "నిన్ననే ఈ కుర్చీకి మెత్త కుట్టిచ్చుకున్న."

సదయ్య ఆ పువ్వుల మెత్తను కాసేపు చూసి, సీడీని సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు.

సరిగ్గా నెలకు మళ్లీ వెళ్లి ఇచ్చాడు. ఆ రోజు ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి, అరవై మూడు దాకా లెక్కపెట్టారు.