పెద్ద మామాకు పెట్టిన ముద్ద

నేను కువైట్‌కు సువార్త చెప్పడానికి వెళ్లాను. అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డులో మాత్రం గోడౌన్ హెల్పర్ అని ఉండేది. వారమంతా అల్ రాయ్‌లో కార్ల సామాను పెట్టెలు మోసి, శుక్రవారం పాపభారం గురించి మాట్లాడేవాణ్ని. బరువుల మీద నాకున్న అనుభవం వల్ల ఆ ప్రసంగం బాగా కుదిరేదని నా నమ్మకం. వినేవాళ్ల నమ్మకం వేరు.

మంగఫ్‌లో మా గదిలో అందరం తెలుగువాళ్లమే. కాకపోతే వాళ్లది కడప, రాయచోటి వైపు, నాది గోదావరి. మాట చివర ‘అండి’ తగిలించకపోతే నాకు ఊపిరాడేది కాదు. “ఈయప్పకు గొంతులో అండి ఇరుక్కోనుండాది, ఎవురన్నా వీపు మీద చరచండబ్బా” అని నవ్వేవాళ్లు. నవ్వుతూనే నాకు చోటిచ్చారు, చాపిచ్చారు, నేను వండలేనని తెలిశాక అన్నం కూడా పెట్టారు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. గోడౌన్‌కు తాళం పడింది. వీధి మొదట్లో చెక్‌పోస్టు వెలిసింది. పొద్దున్నే రొట్టెల కోసం వరుస, మధ్యాహ్నం రేడియో చుట్టూ గుంపు. అందరికీ కావలసింది వార్త; నా దగ్గరున్నది సువార్త. సరుకు ఉంది, బేరం లేదు.

మా గదికి రెండు వీధుల అవతల, ఒక కువైటీల ఇంట్లో రాయచోటి దగ్గరి అక్క ఒకామె పనిచేసేది. సెలవు దొరికిన శుక్రవారమల్లా వచ్చి నా ప్రసంగం వినేది. విని, కుంకుమ సర్దుకుని లేచేది. “నువ్వు చెప్పేది శానా బాగుంటాది నాయనా. మా సామి గుడక అదే చెప్తాడు” అనేది. నా సేవలో అంతకంటే పెద్ద మెప్పు గాని, అంతకంటే పెద్ద ఓటమి గాని లేవు.

ఆ ఇంటివాళ్లు ఏటా లాగే ఎండాకాలానికి వేరే దేశం వెళ్లి, అక్కడే చిక్కుకుపోయారు. ఇంట్లో మిగిలింది ఇంటావిడ తల్లి ఒక్కతే. అక్కడి పనివాళ్లందరిలాగే ఇంటి యజమానురాలిని మామా అనేది కాబట్టి, ఆ ముసలావిడను అక్క ‘పెద్ద మామా’ అనేది. పెద్ద మామాకు నడక లేదు, పళ్లు లేవు, చూపు మసక. అక్క చేత్తో పెడితే తప్ప తినదు.

సెప్టెంబరులో, పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు జోర్డాన్ వైపు వెళ్లే బస్సు కుదిరింది. అక్క పాస్‌పోర్టు మామా అల్మారాలోనే దొరికింది. ఊళ్లో ఆమె పిల్లలిద్దరూ చెల్లెలి దగ్గర ఉన్నారు; వాళ్ల కబురు తెలిసి నెల దాటింది. నా పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే నన్ను పనికి రప్పించిన యజమాని దగ్గర ఉంది. కఫీల్ ఎక్కడున్నాడో దేవుడికే తెలియాలి. ఆ రోజుల్లో దేవుడికే తెలిసిన విషయాలు మరీ ఎక్కువైపోయాయి.

పెద్ద మామా తమ్ముడి కొడుకు, దారులు కాస్త సడలగానే వచ్చి ఆమెను తీసుకెళ్తానని పొరుగింటివాళ్లతో కబురు పంపాడు. అప్పటిదాకా నేను చూసుకుంటానన్నాను.

“నువ్వుంటావు, సరే. ఆయమ్మ నీ చేత్తో తింటాదా?” అంది అక్క. “తినకుంటే నేను బస్సెక్కేది లేదు. పస్తు పెట్టి పోయినానని నా బిడ్డలకు యా మొగం సూపేది?”

నేను రొట్టెను పాలల్లో నానబెట్టి తీసుకెళ్లాను. పెద్ద మామా నోరు విప్పలేదు. అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, ఊరినుంచి వచ్చిన రాగిపిండి సంచి చూపించింది. రొట్టె కరువైనప్పటి నుంచి ఆ ఇంట్లో రోజూ సంగటేనట. పెద్ద మామాకు అదే ప్రాణమట.

నాకేమో సంగటి అంటే భయం. గదిలో మొదటిసారి పెట్టినప్పుడు అన్నంలా నమిలి, దవడలు కదలక కళ్లనీళ్లు పెట్టుకున్నాను. “నమిలేది కాదు సామీ, మింగేది!” అని గదంతా అరిచింది. నేను నేర్చుకోలేని ఆ విద్య పళ్లులేని అరబ్బు ముసలమ్మకు ఒక్కరోజులో వచ్చిందట.

అక్క తెడ్డు నా చేతికిచ్చింది. ఉడికే నూకలో పిండి పోసి కెలికాను. “ఇది సంగటా, గోలీలా? పిల్లకాయలుంటే ఆడుకుందురు” అంది. మళ్లీ కెలికాను. సంఘం కట్టాలని సముద్రం దాటినవాణ్ని, సంగటి కెలుకుతున్నాను.

చివరికి ఉండలు కట్టకుండా వచ్చింది. పళ్లెం పట్టుకుని మంచం పక్కన కూర్చుని, భోజనానికి ముందు మా అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. దేశం కోసం, దారి కోసం, చెక్‌పోస్టులోని సైనికుల మనసుల కోసం, బస్సు డ్రైవరు కోసం, బస్సు టైర్ల కోసం. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి ముద్ద రాయైపోయింది. పెద్ద మామా దాన్ని నోట్లో పెట్టించుకుని, తీసి, ఎంతో మర్యాదగా నా అరచేతిలో పెట్టింది.

గుమ్మంలో అక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది. “దేవునికి అన్నీ చెప్తివి గదా. సంగటి ఆరిపోతాండాదని చెప్పల్యా?”

“మరి ఏం చేయమంటారండి అక్కా?”

“బిస్మిల్లా అను, ముద్ద పెట్టు. అంతే.”

దేవుని పేరట అని ఆ మాటకు అర్థం. నా ప్రార్థనలోనూ ఉండేది ఆ సంగతే, కాకపోతే చాలా దూరం నడిచి చేరుకుంటుంది. “మీరంటారా?” అని అడిగాను.

“అననా మరి? తినేది ఆయమ్మ. ఆయమ్మ పిలిచినట్ల పిలవాల.”

మర్నాడు పొద్దున బస్సు. అక్క సూట్‌కేసు తలుపు దగ్గర ఉంది, మూత తెరిచే ఉంది. సాయంత్రం మళ్లీ కెలికాను. తడి చేత్తో పొగలు కక్కే సంగటిని చిన్న ముద్ద చేసి, మజ్జిగలో ముంచి, “బిస్మిల్లా” అన్నాను. పెద్ద మామా నా గొంతు వినబడ్డ వైపు ముఖం తిప్పింది. ఆమె వేళ్లు వచ్చి నా మణికట్టు తడిమాయి. అక్కడ ఏదో వెతికి, దొరకక, పెదవులు బిగించింది.

అక్క ఒక్క క్షణం చూసింది. తన చేతికున్న రబ్బరు గాజులు రెండు తీసి, నా పిడికిలి నొక్కి, సబ్బు రాసి ఎక్కించింది. “పాస్టరుకు పెండ్లి కూతురు సోకొచ్చినాది” అంది, కళ్లు తుడుచుకుంటూ.

మళ్లీ ముద్ద చేశాను. మళ్లీ ఆ మాట అన్నాను. ముసలి వేళ్లు గాజులు పట్టుకున్నాయి. వాటి కింద పెట్టెలు మోసిన మొరటు చేతిని, దాని వెంట్రుకలను నిదానంగా తడిమాయి. అప్పుడు పెద్ద మామా నవ్వింది. ఒళ్లంతా కదిలేలా, పళ్లులేని నోరంతా తెరిచి. ఆ తెరిచిన నోట్లో ముద్ద పెట్టాను. మింగింది. మళ్లీ తెరిచింది.

నా వెనక సూట్‌కేసు మూత టక్కుమంది.

పొద్దున వీధి మొదట్లో, చెక్‌పోస్టు దగ్గర బస్సు కదులుతుంటే అక్క కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది: “ఆరనియ్యద్దు నాయనా!”

“ప్రార్థన?” అని నేనూ అరిచాను.

“తినిపిచ్చినాంక చేసుకో! ఎంతసేపైనా చేసుకో!”

గాజుల చెయ్యి ఎత్తి ఊపాను. పక్కనున్న సైనికుడు నా మణికట్టు వైపు చూసి, ఏమనుకున్నాడో, “యల్లా” అని దారి చూపించాడు. నేను గబగబా నడిచాను. పెద్ద మామాకు ఆకలి వేళవుతోంది.