పల్చని రక్తం, పుంటికూర పప్పు

కాలి నరంలో రక్తం గడ్డకట్టి దవాఖానలో చేరితే, గడ్డ పెరగకుండా ఇచ్చే హెపారిన్ సూదులు నాకు పడలేదు. బదులుగా రక్తం పల్చబడే కొత్త గోలీ రాశారు. ఆ సంగతి విని ఈ మధ్యాహ్నం పక్కింటి యాదమ్మక్క గోంగూర పప్పు గిన్నెతో వచ్చింది.

"రక్తం పల్చగైతే మనిషి ఎట్ల నిలవడ్తడు తమ్మీ? గీ పుంటికూర పప్పు తిను, చిక్కగైతది."

భయమేసి డాక్టరుకు ఫోన్ చేశాను. నా భార్య సుజాత బతికున్నన్నాళ్లూ గుండె కవాటానికి వాడిన ఇలాంటిదే పాతరకం గోలీకి ఆకుకూరలు పడేవి కావు. తనకు పుంటికూర ప్రాణమైనా, వండి నాకే పెట్టేది.

"గీ గోలీకి ఆ పేచీ లేదు సార్, మంచిగ తినుండ్రి" అని నవ్వాడు డాక్టరు.

సుజాత వాటా కూడా నేనే తిన్నాను. "చిక్కగైందా తమ్మీ?" అని యాదమ్మక్క గోడ మీంచి ఇందాకటి నుంచీ అడుగుతోంది. మీరైతే ఏం చెప్తారు?