స్టూలు మీద కూసున్నామె బాకీ

2007ల జగిత్యాల బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ పెట్టి నా అంత తెలివైనోడు లేడనిపించుకున్న. కోరుట్లల కిరాణకొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినోణ్ని. హైదరాబాదుల ఒక్క వెబ్‌క్యామ్, అంటే కంప్యూటర్ నెత్తిన కూసుండే కెమెరా, కొననీకి పోయి, బేరమాడి బేరమాడి నాలుగు తెచ్చిన. నాలుగింటినీ మోసే లైను జగిత్యాలల ఉన్నదా అన్నది మాత్రం అడగలే.

గిరాకీ అంతా గల్ఫ్ పోయినోళ్ల ఇంటోళ్లే. ప్లైవుడ్ చెక్కలతోని నాలుగు క్యాబిన్లు కట్టించిన. అన్నీ నిండితే బొమ్మ ఆగి ఆగి వచ్చేది, మాట తెగిపోయేది. నాలుగు దిక్కుల నుంచి ఒకటే కేక: "హలో, ఇనస్తుందా?"

పెగడపల్లి నుంచి రాజవ్వ, కోడలు స్వరూపను తీసుకొని వచ్చేది. కొడుకు గంగాధర్ తాళ్లెక్కి కల్లు గీసుడు ఇడిసిపెట్టి బహ్రెయిన్ పోయిండు. స్వరూపకు చెవులు ఇనపడవు, మాట రాదు. రాజవ్వను లోపల కూసోబెట్టి హెడ్‌సెట్ పెట్టేది నేనే. స్వరూపకు బయట స్టూలు. మాట్లాడనామెకు లోపల కుర్చీ ఏస్తే జాగ దండుగ అని నా లెక్క. కోడలు ఎట్లున్నదని కొడుకు అడిగితే "మంచిగనే ఉన్నది" అని రాజవ్వే చెప్పేది.

ఒకనాడు గంగాధర్ ఇంకో రెండేండ్ల అగ్రిమెంటు సంగతి తీసిండు.

"పెట్టు కొడుకా సంతకం. అప్పు తీరాలె గద. నీ పెండ్లాం గూడ గదే అంటుంది," అన్నది రాజవ్వ.

స్టూలు మీదున్నామెను ఎవరూ అడగలే. అంతట్లనే మాట తెగింది, బొమ్మ మిగిలింది.

"ఏంది సేటూ, వాని నోరు కదుల్తుంది, మాటస్తలేదు. పైసలు మాత్రం మస్తు తీస్కుంటవ్!"

"నేనేం జెయ్యాలె అవ్వా, లైను గట్లున్నది."

నేను వైర్లు పీకి పెడుతుంటే స్వరూప లోపలికి వచ్చి కెమెరాను తనవైపు తిప్పుకున్నది. చేతులు లేపి ఏదో అడిగింది. గంగాధర్ నవ్విండు గని చేతులు లేపలే. ఆమె మళ్ల అడిగింది. ఇగ తప్పక అతను రెండు చేతులు పైకెత్తిండు. కుడిచేతికి మణికట్టు దాక పట్టీ. బయటికున్న వేళ్లు ఒంగుతలేవు.

తల్లి దగ్గర మాటతోని దాచిండు. చేతులతోని మాట్లాడేటామె దగ్గర చేతులెట్ల దాస్తడు?

పక్క క్యాబిన్లల హలో హలో అని మొత్తుకుంటున్నరు. ఇక్కడ మాట సాగుతనే ఉన్నది. రాజవ్వకు ఇంటి సైగలు తెలుసు. చెవులున్న నాకే ఏం సమజైతలేదు.

"ఏమంటుందవ్వా?"

రాజవ్వ కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. "మెషీన్ల పడ్డదంట చెయ్యి. సంతకం వద్దు, ఇంటికి రా అంటుంది."

"మరి ఆయన?"

"గీ చేత్తోని అస్తె నాకెవడు పనిస్తడంటుండు. నన్ను గూడ దేనికి పనికిరాదన్నరు, బీడీలు చేసి ఇల్లు నడుపుతలేనా అంటుంది ఇది."

గంగాధర్ సంతకం పెట్టలే. బతుకమ్మ పండుగ లోపల ఇంటికొచ్చిండు.

చెయ్యి సంగతి బయటపడ్డ ఆ దినం మాటలకు గంటయింది. గంటకు ముప్పై రూపాయలు. "మాట రాలే గద అవ్వా, సగమియ్యి," అన్న. అడగకముందే రేటు తగ్గించుడు నా బతుకుల అదే మొదలు. స్వరూప తల అడ్డంగ ఊపి పూరా ముప్పై బల్ల మీద పెట్టింది.

"నేను నిండ మాట్లాడిన అంటుంది," అన్నది రాజవ్వ.

తెల్లారి క్యాబిన్ల రెండో కుర్చీ ఏసిన. ఆమె చెవులకు నేను చేసేదేం లేకుండె. కెమెరా తిప్పుడు నా చేతిల పని, దానికి పైస ఖర్చు గూడ లేదు. తిప్పాలన్న సోయే నాకు లేకపాయె.

ఇగ బిల్లు. ఆ దినం ముప్పై న్యాయమైనవే. అంతకుముందు వాళ్లిద్దరు అచ్చిన ప్రతిసారి పూరా పైసలు తీసుకొని ఒక్కరికే మాట్లాడనిచ్చిన. ఆ సగం స్వరూపకు బాకీ. ఇయ్యాల్టి దాక ఇయ్యలే.