రెండుసార్లు తట్టితే

ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే మనిషికి అందరూ పెట్టుకున్న పేరు 'ఆగండిగారు'. ఏ పని చెప్పినా ఆయన నోట వచ్చే మొదటి మాట అదే మరి. "పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా, ఆగు, పొంగాయో లేదో చూద్దాం అంటారు మా ఆయన" అని ఇంట్లో ఆవిడ కూడా ఆటపట్టిస్తుంది. ఆయనా నవ్వేసి ఊరుకుంటారు.

ఆ మధ్యాహ్నం స్పీచ్ థెరపీ గది నుంచి ఆయనకు హడావిడిగా పిలుపు వచ్చింది. అక్కడ ఒక రిటైరైన బస్సు కండక్టరు, ఆయన భార్య కూర్చుని ఉన్నారు. మూడు నెలల క్రితం పెద్దాయనకు క్యాన్సరని స్వరపేటిక తీసేశారు. అంతకుముందే ఆయన చేత గంటల తరబడి చదివించి, ఆ గొంతును రికార్డు చేసి క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న యంత్రంలో దాచారు. ఇకమీదట ఆయన టైపు చేసిన మాటను ఆయన గొంతుతోనే పలికే ప్రోగ్రాం ఆ రోజు తయారుకావాలి. అది కాస్తా డిస్కు నిండిపోయిందంటూ సగంలో ఆగిపోయింది.

"పొద్దున్నే డిస్కు సైజు రెండింతలు చేశానండీ! ఇదిగో, ఈ పేజీలో పెరిగినట్టే చూపిస్తోంది. అయినా నిండిందనే ఏడుస్తోంది," అంది ఆ థెరపీ చూసే డాక్టరమ్మ.

ఆగండిగారు కీబోర్డు మీంచే ఆ యంత్రం లోపలికి వెళ్లి చూశారు. "పక్క స్థలం కొన్నారు గానీ ప్రహరీ జరపలేదమ్మా. కొత్త జాగా చివర్లో ఉంది. దానికీ మన ఫైళ్లకీ మధ్య, యంత్రం చిత్తుపనికి వాడుకునే చిన్న భాగం ఒకటి అడ్డంగా కూర్చుంది. దాన్ని తీసేసి మన హద్దు చివరిదాకా జరపాలి."

"అయితే జరిపేయండి!"

"ఆగండి. ఈ రికార్డింగులకు ఇంకో ప్రతి ఉందా?"

డాక్టరమ్మ తల దించుకుంది. "రేపు తీద్దాం, రేపు తీద్దాం అనుకుంటూనే..."

ఆయన డిస్కు మొత్తానికి నకలు మొదలుపెట్టారు. అది నత్తనడక నడిచింది. కండక్టరు భార్యకు ఓపిక నశించింది.

"మూడు నెలలైంది బాబూ ఈయన మాట విని. ఇంకా ఆగమంటే ఎలా?"

పెద్దాయన వేలితో బల్ల మీద ఒక్కసారి తట్టారు.

"ఒక్క గంట కొడితే బస్సు ఆపమని. రెండు కొడితే పోనిమ్మని. ఇప్పుడు ఇంట్లోనూ ఇదే భాష," అందావిడ విసుగ్గా.

నకలు పూర్తయింది. ఆగండిగారు ఆదేశం టైపు చేశారు. అంకెలు సరిచూశారు. మళ్లీ చూశారు. వేలు మాత్రం ఎంటర్ మీదికి పోలేదు. నకలు ఉంది కదా, ఇంకేం భయం? ఆ నకలే తెరుచుకోకపోతే? ఇన్నేళ్లూ తాను జాగ్రత్త అనుకున్నది పిరికితనమేమోనని ఆయనకు మొదటిసారి అనుమానం వచ్చింది. పోతే మళ్లీ రికార్డు చేయడానికి ఆ గొంతు ఇక లేదు. ఆ మనిషేమో పక్కనే కూర్చున్నాడు.

"ఒక్క నిమిషం ఆగండి, ఇంకొక్కసారి..."

టక్, టక్. బల్ల మీద రెండుసార్లు తట్టిన చప్పుడు.

ఆయన తిరిగి చూశారు. పెద్దాయన ముఖంలో కంగారేమీ లేదు. ఆగాల్సినంత ఆగాం, ఇక పద, అన్నట్టు తల ఊపారు. ఆగండిగారు ఎంటర్ నొక్కారు.

అడ్డం తొలగింది, హద్దు జరిగింది. ఆ సంగతి ఫైళ్ల వ్యవస్థకూ చెప్పాక ఖాళీ జాగా కనిపించింది. రికార్డింగులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయనకు చొక్కా వీపుకు అంటుకుపోయి ఉందని అప్పుడు తెలిసింది.

సాయంత్రానికి ప్రోగ్రాం సిద్ధమైంది. పెద్దాయన చాలాసేపు ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ టైపు చేశారు.

"డ్రైవరు గారూ, రైట్ రైట్!" అంది ఆ గొంతు, కాస్త బొంగురుగా, గదంతా వినపడేలా. పెద్దాయన చూపు ఆగండిగారి మీదే ఉంది.

"ఇన్నాళ్లు ఎదురుచూస్తే మొదటి మాట ఆయనకా!" భార్య ఏడుస్తూనే నవ్వుతూనే దెబ్బలాడింది.

పెద్దాయన మళ్లీ టైపు చేశారు. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు.

"నువ్వెక్కావా? నువ్వెక్కందే నేనెప్పుడు రైట్ చెప్పానే?"