బొమ్మ ఆగిన ఆదివారాలు

నా భార్య పోయాక నారాయణఖేడ్‌లో నాకు మిగతా రోజులు ఎలాగో గడిచిపోయేవి. ఆఫీసు ఉంది, బస్టాండు దగ్గర టీ ఉంది, తెలిసినవాళ్లు నలుగురు ఉన్నారు. ఆదివారం మాత్రం చర్చి నుంచి వచ్చి అన్నం తిని గిన్నె కడిగేశాక ఇక చేసే పని ఉండేది కాదు. పిల్లలు లేరు. ఆ మధ్యాహ్నం ఎంత పొడుగో ఒంటరిగా ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

అందుకే అక్కా నేనూ ఒక ఏర్పాటు చేసుకున్నాం. అక్క హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటుకు కాపలా. మా ఊరు సిర్గాపూర్ నుంచి బావతో కలిసి బిల్డింగు పనికి పోయింది. తాము ఇటుకలు మోసిన బిల్డింగుకే ఇద్దరూ కాపలా కుదిరారు. బావ పోయాక ఆ పని అక్క ఒక్కతిదే అయింది. గేటు వదిలి ఊరికి రావడానికి వీలుపడదు. పై అంతస్తులో ఉండేవాళ్లు పాత టీవీ ఒకటి ఇచ్చి, తమ వైఫై వాడుకొమ్మన్నారు. ఆదివారం ఫోను చేసుకుని, ఇద్దరం ఒకే పాత సినిమా ఒకేసారి మొదలుపెట్టేవాళ్లం.

"పెట్టినవా తమ్మి?"

"పెట్టిన."

ఇక ఫోను పక్కన పెట్టుకుని పక్కపక్కన కూర్చున్నట్టే చూసేవాళ్లం. అక్కడి టీవీ చప్పుడు ఫోనులోంచి నా టీవీ చప్పుడు వెనకే వచ్చేది. హీరో ప్రతి మాటా రెండుసార్లు చెప్పేవాడు. నాకది చిరాకే అయినా ఓర్చుకునేవాణ్ణి. పార్కింగు పక్క గదిలో ఒక్కతే ఉంటుంది, ఆమె కోసమైనా కూర్చోవాలి అని ఆఫీసులో చెప్పేవాణ్ణి కూడా.

నా టీవీ వెనక ఉన్నది చేతిలో పట్టేంత చిన్న కంప్యూటర్. బలం తక్కువది. విండోస్ బదులు లైనక్స్ వేసి దాన్ని నేనే దారికి తెచ్చుకున్నాను కాబట్టి కాస్త గర్వం కూడా ఉండేది. అప్‌డేట్లు వచ్చాయని తెర మీద కనిపిస్తే నాకు చేయి ఆగదు. ఒకసారి అలాగే అప్‌డేట్ చేశాక, హీరో రెండుసార్లు మాట్లాడడం మానేశాడు. అక్క నవ్వు కూడా సరిగ్గా నా టీవీలో జోకు పడ్డప్పుడే పడేది. అడిగితే, "సౌండ్ తక్కువ పెట్టుకున్న తమ్మి. వచ్చేటోళ్లు పోయేటోళ్లు చూస్తుండ్రు. నీ దిక్కు మాత్రం పెద్దగ పెట్టు, నువ్వు చూస్తున్నవని నాకు తెల్వాలె" అంది. నవ్వు అంత బాగా కుదరడం మాత్రం అప్‌డేట్ చలవేనని అందరికీ చెప్పుకున్నాను.

ఈ వానాకాలం వచ్చిన అప్‌డేట్ నా గర్వం దించింది. సినిమాలో జమీందారు చెయ్యి ఎత్తితే దించడానికి ఒక యుగం పట్టింది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. కంప్యూటర్ మీద చెయ్యి పెడితే కాలింది. అంతకుముందు వీడియోను విప్పి చూపించే పని చిప్‌లో దాని కోసమే ఉన్న ఒక భాగం చేసేది. అప్‌డేట్‌తో వచ్చిన కొత్త బ్రౌజరు ఆ భాగాన్ని పట్టించుకోవడం మానేసింది. బరువంతా పాపం ఆ బక్క ప్రాసెసర్ మీద పడింది. నోటికొచ్చినట్టు తిట్టాను. దుకాణంలో చూపిస్తే కొత్తది కొనుక్కోమన్నారు. ఆ మాట చెప్పడానికి కంప్యూటర్ దుకాణమే అక్కర్లేదు.

"ఏమైంది తమ్మి, సప్పుడు తెగుతుంది?" అంది అక్క.

"బొమ్మ ఆగుతుందక్కా. నీది నడుస్తుందా?"

అక్క ఎవరికో గేటు తీసి వచ్చింది. "ఆ, నడుస్తుంది."

"అయితే ఏమైతుందో నువ్వే చెప్పు. నేను వింట."

అక్క చెప్పడం మొదలుపెట్టింది. మొదట్లో తడుముకుంది, తర్వాత నోరు తిరిగింది. అది జమీందారు బంగళా కథ. అక్క చెప్పిన దాని ప్రకారం హీరోయిన్ మామతో గొడవపడి బంగళా వదిలేసింది. పట్నం పోయి కూలికి కుదిరింది, నాలుగో అంతస్తుకు ఇటుకలు మోసింది. పొద్దుగూకేవేళ తమ్ముడు ఆమె దగ్గరికి సద్ది పట్టుకొచ్చాడు.

"ఏం తెచ్చిండు?" అన్నాను.

"జొన్నరొట్టె, పప్పు. గాయన తింటలేడు. అక్క తింటుంటే చూసుకుంట కూసున్నడు."

ఆ కాలం సినిమాల్లో ఇలాంటి సంగతులు కూడా తీసేవాళ్లా అని ఆశ్చర్యపోయాను. కొన్ని ఆదివారాలు అలాగే గడిచాయి. కళ్లు మూసుకుని, కుర్చీలో వెనక్కి వాలి వినేవాణ్ణి. నిజం చెప్పాలంటే, చూసినప్పటికంటే నాకు అదే బాగుంది.

చివరికి ఒక శనివారం పాత బ్రౌజరును వెతికి వేసి, ఇక మారకుండా కట్టేశాను. బొమ్మ నీళ్లలా నడిచింది. మర్నాడు అక్కకు చెప్పి ఆశ్చర్యపరచాలని, ఈలోగా ఆ జమీందారు సినిమాలో ఆమె చెప్పిన సీన్లు చూద్దామని కూర్చున్నాను. సినిమా మొత్తం అయిపోయింది గానీ హీరోయిన్ బంగళా గడప దాటలేదు. ఇటుకలు లేవు, నాలుగో అంతస్తు లేదు. వేరే సినిమా పెట్టానేమోనని పేరు చూసుకున్నాను, వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. ఆ సినిమాలో హీరోయిన్‌కు తమ్ముడే లేడు.

అప్పుడు ఒక్కొక్కటీ తట్టింది. అక్కడి నుంచి టీవీ చప్పుడు రాకపోవడం, నవ్వు అంత సరిగ్గా కుదరడం, సౌండ్ పెద్దగా పెట్టమనడం. అక్క ఇన్నాళ్లూ ఫోనులోంచి నా టీవీనే వింటోంది.

మర్నాడు ఫోనులో సూటిగా అడిగాను. "అక్కా, నీ టీవీ ఎప్పటి సంది నడుస్తలేదు?"

"పైనోళ్లు ఇల్లు ఖాళీ చేసి పోయిండ్రు" అంది. "వైఫై బందైంది. శాన దినాలైంది తమ్మి."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఇడిసిపెడ్తవు. అక్క చూస్తలేదు, ఇగ నాకెందుకంటవు. మరదలు పోయినప్పటి సంది ఐతారం నీకు మాట్లాడనీకి ఎవరున్నరు? గోడ దిక్కు చూసుకుంట కూసుంటవు."

నాకు ముందు కోపం వచ్చింది. ఆమెకు తోడుగా కూర్చుంటున్నది నేనని ఊరంతా చెప్పుకున్నాను. తోడు అక్కర్లేదని అనగలనా అంటే, అనలేను. ఏడుపు అక్కకు వినపడకుండా ఫోను పక్కకు తిప్పాను.

"నీ కంప్యూటర్ మంచిగైందా?" అంది.

"అయింది."

"మంచిగైంది. పెట్టు మరి, వింట." ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో హుషారు లేదు.

"వద్దక్కా. నువ్వు చెప్పిన తమ్ముడు తర్వాత ఏమైతడు?"

అక్క ఆలోచించింది. "ఏమైతడు? ఊళ్లెనే ఉంటడు. గామెకు గేటు ఇడిసి రానీకి లేదు. గాయనకు ఆఫీసు. రోజూ సద్ది తెచ్చేది గామె మనసుల అనుకున్నదే, నిజంగ ఎవరు తెస్తరు?"

ఆ రోజు సినిమా పెట్టలేదు. ఫోను పెట్టేయడానికి ఇద్దరికీ మనసు రాలేదు. అటునుంచి లిఫ్టు దిగిన చప్పుడు, ఎవరో బండి స్టార్ట్ చేసిన చప్పుడు వచ్చాయి. ఇటునుంచి అక్కకు వినపడడానికి ఏమీ లేదు.