అరచేతిలో సున్నం

గుణదలలో బట్టలు కుట్టే ఆ పెద్దాయన నా ఎదుట కూర్చోగానే ఎడమ అరచెయ్యి బల్లమీద చాపేవారు. ఖైనీ నలిపిన సున్నం గీతల్లో తెల్లగా కనిపించేది.

తొంభైల చివర్లో నేను జూనియర్ డాక్టర్ని. నోట్లో తెల్లమచ్చ ఎందరికి క్యాన్సర్‌గా మారుతుందో తేల్చే పరిశోధన మాది. మూడు నెలలకోసారి వచ్చేవాళ్ళను "ఖైనీ మానేశారా?" అని గద్దించేదాన్ని. అందరూ మానేశామనే చెప్పేవారు, ఈయన తప్ప.

"నిన్న నాలుగుసార్లు వేశానండి. రాసుకోండి."

"దవడ తీసెయ్యాల్సొస్తుంది, తెలుసా?" అని అరిచాను.

"తెలుసు డాక్టరమ్మా. మీరట్టా కేకలేస్తారనే బయట అందరూ చేతులు కడుక్కుని మరీ వస్తన్నారు. కొలత తప్పు రాసుకుంటే చొక్కా ఎట్టా కుదురుద్దండీ?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజుతో కేకలు మానేశాను. మెల్లగా మిగతావాళ్ళూ నిజం చెప్పసాగారు. రోగిని ఎలా అడగాలో నాకు నేర్పింది ఏ ప్రొఫెసరూ కాదు, ఆయనే.

ఏడాది తిరిగాక ఒకసారి వచ్చి, "ఈ మూడు నెలల్లో ఒక్కసారీ వెయ్యలేదండి" అంటూ అలవాటుగా చెయ్యి చాపబోయారు.

"చెయ్యెందుకండీ, మీరు చెప్పారుగా" అని రాసేసుకున్నాను.