చెంచాకో వాక్యం

నిన్న మా అబ్బాయికి జ్ఞాపకశక్తి టానిక్కు కొన్నాను. మూత తిప్పగానే పచ్చి ఆకు, బెల్లం పాకం కలిసిన వాసన వచ్చింది. కొవ్వూరులో మా వంటింటి గడప గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. చర్చిలో పిల్లలకు పోటీ పెట్టారు. బైబిలు వాక్యాలు ఇరవై చూడకుండా చెప్పాలి. ఊడ్పుల కూలికి వెళ్లే అమ్మ నా కోసం అలాంటి సీసానే కొనుక్కొచ్చింది. సాయంత్రం నేను వాక్యం పైకి చదివితే వినేది. పొద్దున్నే చెంచా నిండా టానిక్కు పోసి పట్టుకునేది.

"ముందు వాక్యం చెప్పు. తర్వాతే మందు."

ఆ టానిక్కే వాక్యాన్ని లోపల అతికిస్తుందని నా నమ్మకం. కొట్టుకుపోతుందేమోనని గంటసేపు మంచినీళ్లు కూడా ముట్టేదాన్ని కాదు.

పోటీలో పద్దెనిమిదో వాక్యం సగంలో ఆగిపోయాను.

"కంగారు పడకమ్మా, ఆలోచించుకో" అన్నారు పాస్టరమ్మగారు.

వెనక చాప మీదున్న అమ్మ వైపు చూశాను. తల వంచుకుని, పెదవులు కదుపుతూ తనలో తను ఆ వాక్యమే చెప్పుకుంటోంది. నాకూ గుర్తొచ్చింది. ఇరవయ్యీ చెప్పేశాను.

ఇంటికొచ్చి నిలదీశాను. "నువ్వూ దొంగచాటుగా టానిక్కు తాగావు కదమ్మా?"

అమ్మ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

మా అమ్మకి అక్షరం ముక్క రాదు. ఆ ఇరవై వాక్యాలూ నా నోట విని నేర్చుకుంది. సీసాలోంచి ఒక్క చెంచా కూడా తాగలేదు.

ఇవాళ పొద్దున మా అబ్బాయి టానిక్కు కోసం నోరు తెరిచాడు.

"ముందు ఎక్కం చెప్పు" అన్నాను, చెంచా వెనక్కి తీసుకుని.